మురుగు గొట్టానికో చోటు

టెక్సస్‌లోని ఫ్రిస్కో నుంచి పడమటికి వెళ్ళి డికేటర్ దగ్గర 287వ నంబరు హైవే ఎక్కితే ఆ రోడ్డు రాష్ట్రపు వాయవ్య మూలకు పట్టుకుపోతుంది. విచిటా ఫాల్స్ దాటాక ఊళ్ళు పలచబడతాయి. వెర్నన్, క్వానా, చిల్డ్రెస్ చుట్టుపక్కల రోడ్డుకు రెండు వైపులా పత్తే. సెప్టెంబరు చివర కాయ పగలడం మొదలై చేలు అక్కడక్కడా తెల్లబడుతున్నాయి. ట్రక్కు ముందు సీట్లో కూర్చున్న పెద్దాయన కిటికీ అద్దం దించి, "ఇంత చేలో పత్తి తియ్యడానికి మనుషులెక్కడ దొరుకుతార్రా?" అని కొడుకుని అడిగారు. మనుషులు తియ్యరు నాన్నా, ఒక్క మనిషి మిషనెక్కి కూర్చుంటే చాలు, తీసిన పత్తిని ఆ మిషనే పెద్ద చుట్టలుగా చుట్టి ప్లాస్టిక్ తొడిగి చేలో పడేస్తుంది అని కొడుకు చెప్పాడు. ఒడి కట్టుకుని వరసలో వంగి నడిచే గుంటూరు జిల్లా ఆడవాళ్ళను చూస్తూ పెరిగిన పెద్దావిడ, వెనక సీట్లోంచి ఆ మాట మళ్ళీ చెప్పించుకున్నారు.

వాళ్ళు నలుగురు. ఫ్రిస్కోలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు చేసుకుంటున్న భార్యాభర్తలు, విజయవాడ నుంచి వాళ్ళను చూడ్డానికి వచ్చిన అతని అమ్మానాన్నలు. పెద్దాయన ఆర్టీసీ గ్యారేజీలో మెకానిక్‌గా చేసి రిటైరయ్యారు. ట్రక్కు వెనక హిచ్‌కు తగిలించి ఉన్నది పాతిక అడుగుల ట్రావెల్ ట్రైలర్. ఇంజనుండదు. మంచాలు, గ్యాసు పొయ్యి, ఫ్రిజ్, షవర్, టాయిలెట్ అన్నీ ఉంటాయి. గ్రాండ్ కాన్యన్ దాకా వెళ్ళి రావాలని ప్రయాణం.

ఇంట్లో ఉండేవన్నీ ట్రైలర్లో ఉంటాయి గానీ, ఇంట్లో కంటికి కనపడకుండా జరిగిపోయే పని ఒకటి ఇక్కడ మన చేతికొస్తుంది. ట్రైలర్ అడుగున మూడు ట్యాంకులు. మంచినీళ్ళదొకటి. సింకు నీళ్ళూ స్నానం నీళ్ళూ చేరేది గ్రే ట్యాంకు. టాయిలెట్ కిందిది బ్లాక్ ట్యాంకు. మురుగు ట్యాంకులు రెండింటికీ చెరో వాల్వు, చివర రెండింటికీ కలిపి ఒకే మూతి. ఆ మూతికి మూడంగుళాల వ్యాసమున్న ముడతల పైపు తిప్పి బిగించి, రెండో కొసను నేలలోని మురుగు రంధ్రంలో పెట్టి వాల్వు లాగాలి. పనయ్యాక ఆ పైపును కడిగి మళ్ళీ బండితోపాటే తీసుకెళ్ళాలి.

ఎక్కడ పెట్టుకుని?

మంచినీళ్ళ గొట్టం పక్కన పెట్టకూడదు. మంచం కింది అరలో పెడితే వాసన ఇల్లంతా పాకుతుంది. ట్రక్కు వెనక తొట్టిలో పడేస్తే ఎండకు ప్లాస్టిక్ పెళుసెక్కి, ముడతల దగ్గర సన్నటి బెజ్జాలు పడతాయి. అలాంటి బెజ్జం ఉందని తెలిసేది వాల్వు లాగాకే. ట్రైలర్ తయారుచేసేవాళ్ళు మామూలుగా చూపించే చోటు వెనక బంపరు. చాలా ట్రైలర్లకు బంపరంటే నాలుగంగుళాల చదరపు ఉక్కు గొట్టం, లోపల డొల్ల, రెండు చివర్లా ప్లాస్టిక్ మూతలు. పైపు ఒళ్ళు అందులో బాగానే దూరుతుంది. కొసలకుండే బిగింపు ముక్కలకు చెవులుంటాయి కాబట్టి చాలా రకాలు అక్కడ ఇరుక్కుంటాయి. పైపును మూతికి తగిలించే వంపు ముక్క, ఎల్బో, అసలే పట్టదు. దానికి తోడు, ఎంత దులిపినా తడి మిగిలే పైపును ఉక్కు గొట్టంలో మూతేసి దాచితే తుప్పు లోపలి నుంచి మొదలవుతుంది. చాలా ట్రైలర్లకు స్టెప్నీ టైరు వేలాడేది కూడా ఆ బంపరుకే.

పెద్దాయన ఆ సంగతి మొదటి పెట్రోలు బంకులోనే కనిపెట్టారు. బంపరు మూత పీకి, వేలు లోపలి అంచున రాసి, వేలికంటిన ఎర్రటి పొడిని కొడుక్కి చూపించారు. "దీన్లో నీళ్ళు నిలుస్తున్నాయిరా" అన్నారు. బస్సు ఫుట్‌బోర్డు కింద తుప్పును జీవితమంతా చూసిన మనిషి ఆయన.

అమరిల్లో రాకముందే దక్షిణానికి తిరిగితే పాలో డ్యూరో కాన్యన్. ఆ లోయ ఉందని దగ్గరికి వెళ్ళేదాకా తెలీదు. బల్లపరుపు గడ్డి మైదానంలో గేటు దాటాక నేల ఒక్కసారిగా తెగుతుంది. 120 మైళ్ళ పొడవు, కొన్నిచోట్ల 800 అడుగుల లోతు. రెడ్ రివర్‌కు చెందిన ఒక సన్నటి పాయ కోసుకుంటూ పోయిన లోయ ఇది. ఎర్రమట్టి రాతి పొరల మధ్య తెల్లటి జిప్సం చారలు. 1874లో అమెరికా సైన్యం ఇక్కడే కొమాంచీ, కయోవా, షయాన్ జనాలను తరిమి, వాళ్ళ గుర్రాలను పట్టుకుంది, ఆ తర్వాత వాటిలో వెయ్యికి పైగా కాల్చేసింది. రెండేళ్ళకు చార్లెస్ గుడ్‌నైట్ అనే పశువుల ఆసామి తన మందల్ని ఇదే లోయలోకి దించాడు. ఇప్పటి పార్కు 1934లో తెరుచుకుంది. లోయలోకి దిగే రోడ్డును ఆర్థిక మాంద్యం రోజుల్లో ప్రభుత్వం పనికి పెట్టుకున్న మనుషులు వేశారు. ఆ వాలు మీద ట్రైలర్‌తో దిగుతున్నంతసేపూ పెద్దాయన కుడికాలు, లేని బ్రేకును తొక్కుతూనే ఉంది.

కింద క్యాంపులో కరెంటూ నీళ్ళూ ఇస్తారు. మురుగు రంధ్రం మాత్రం ప్రతి స్థలానికీ ఉండదు. వెళ్ళేటప్పుడు డంప్ స్టేషన్‌లో వరసలో నిలబడి ఎవరి ట్యాంకు వాళ్ళు ఖాళీ చేసుకోవాలి. సాయంత్రం అడవి టర్కీ కోళ్ళు గుంపుగా రోడ్డు దాటుతుంటే కార్లు ఆగాయి. హారన్ మోగలేదు. పొద్దు వాలాక లోయ గోడలు ఎర్రదనం వదిలి ఊదారంగులోకి తిరిగాయి. పెద్దావిడ ట్రైలర్లో కందిపొడి అన్నం కలిపి నలుగురికీ పెట్టారు.

మర్నాడు డంప్ స్టేషన్ దగ్గర వాళ్ళ ముందున్నది ఆర్కన్సా నంబరు ప్లేటున్న చిన్న ట్రైలర్. 70 ఏళ్ళు దాటిన ఆవిడ ఒక్కరే వచ్చారు. కోడలు దిగి, చూడొచ్చా అని అడిగింది. ఆవిడ సంతోషంగా ఒప్పుకున్నారు. వాడిపారేసే తొడుగులు రెండు చేతులకూ వేసుకున్నారు. పైపు ఒక కొసను రంధ్రంలో దోపి, అది ఎగిరి బయటికి రాకుండా పైన రాయి పెట్టారు. ట్రైలర్ మూతి దగ్గర తగిలించిన ఎల్బో లోపల పారేది కనపడేలా ప్లాస్టిక్‌తో చేసింది. ముందు బ్లాక్ వాల్వు లాగారు. పారకం తేటపడ్డాక గ్రే వాల్వు. సబ్బు నీళ్ళు వెనక రావడంతో పైపు దానంతట అదే చాలావరకు కడుక్కుంటుంది, అందుకే వరస మార్చకూడదు అన్నారు. ఆ తర్వాత "తాగడానికి కాదు" అని బోర్డున్న కుళాయితో పైపును ఇంకోసారి కడిగి, ఒక కొస నుంచి రెండో కొసదాకా చేతుల మీదుగా ఎత్తుకుంటూ వెళ్ళి నీళ్ళన్నీ రంధ్రంలోకే జారవిడిచి, ముడిచి, రెండు కొసలకూ మూతలు బిగించారు.

ఆవిడ ట్రైలర్ పక్క అరలో రెండు ప్లాస్టిక్ పెట్టెలున్నాయి. నీలం పెట్టెలో మంచినీళ్ళ గొట్టం. నల్ల పెట్టెలో మురుగు సామాను. నల్ల పెట్టె మూశాక తొడుగులు తీసి పారేసి, చేతులు కడుక్కున్న తర్వాతే నీలం పెట్టె ముట్టుకున్నారు.

పెద్దావిడ అదంతా దూరం నుంచి చూశారు. "అచ్చం మా అమ్మమ్మ మడి కట్టుకున్నట్టే ఉందే అమ్మాయ్" అన్నారు కోడలితో.

పోలిక బాగుంది. తేడా ఒక్కటే ఉంది, అది పెద్దది. ఇక్కడ అంటు గొట్టానికి, మనిషికి కాదు. పెద్దావిడ చిన్నప్పుడు గుంటూరులో వాళ్ళింటి వెనక సందులోంచి తెల్లారకముందే ఒకామె వచ్చి దొడ్డి ఎత్తి తట్ట నెత్తిన పెట్టుకుని వెళ్ళేది. ఆమె పేరేమిటని ఇంట్లో ఎవరూ అడగలేదని పెద్దావిడ ఆ పూట ట్రక్కులో చెప్పారు. చెప్పి చాలాసేపు మాట్లాడలేదు. ఆ పనిని నిషేధిస్తూ మన దేశంలో 1993లో ఒక చట్టం, 2013లో ఇంకా గట్టిది మరొకటి వచ్చాయి. కోలార్ బంగారు గనుల దగ్గర ఇదే పని చేసే తెలుగు కుటుంబంలో పుట్టిన బెజవాడ విల్సన్, సఫాయి కర్మచారి ఆందోళన్ పేరిట దశాబ్దాలు పోరాడారు. 2016లో ఆయనకు మెగసెసే పురస్కారం వచ్చింది. అయినా మ్యాన్‌హోల్లో దిగిన మనిషి ఊపిరాడక పోయాడన్న వార్త మన పేపర్లలో ఆగలేదు. అలా చనిపోయినవాళ్ళ కుటుంబాలకు 30 లక్షల రూపాయలు ఇవ్వాలని సుప్రీంకోర్టు 2023లో చెప్పాల్సివచ్చింది. అమెరికాలో మురుగు పని చేసేవాళ్ళు లేరని కాదు. నగరాల కింద గొట్టాలకు వాళ్ళ మనుషులు వాళ్ళకున్నారు. కానీ ఈ డంప్ స్టేషన్ వరసలో డాక్టరున్నా, రిటైరైన పోలీసున్నా, సాఫ్ట్‌వేర్ కుర్రాడున్నా ఎవరి పైపు వాళ్ళే పట్టుకోవాలి. డబ్బిచ్చి ఇంకొకరికి అప్పగించే ఏర్పాటు ఆ వరసలో లేదు. ఈ ప్రయాణంలో చూసిన లోయలన్నిటితో పాటు ఆ దృశ్యం కూడా చూడదగ్గదే.

అమరిల్లోలో జనం ఆగేది కాడిలాక్ రాంచ్ దగ్గర. 1974లో పది కాడిలాక్ కార్లను ముక్కు నేలలో పాతి నిలబెట్టారు. వచ్చినవాళ్ళు వాటి మీద రంగు డబ్బాలు చిమ్మిపోతారు. పెద్దాయన అక్కడ ఎంతోసేపు నిలబడలేదు. ఆయన మనసంతా పైపుకు పెట్టె చెయ్యడానికి సామాను దొరికే హోమ్ డిపో అనే హార్డ్‌వేర్ దుకాణం మీద ఉంది.

దుకాణంలో ఆయన ప్లంబింగ్ వరసలన్నీ తిరిగారు. నాలుగంగుళాల పీవీసీ గొట్టం చూసి పక్కన పెట్టారు, బంపరుతో వచ్చిన ఇబ్బందే దానితోనూ వస్తుందని. పైపు కొసను చేత్తో పట్టుకుని లోపలికి తీసుకెళ్ళారు, కొలత తప్పకూడదని. చివరికి దొరికింది కంచె సామాను దగ్గర: ఇళ్ళ చుట్టూ తెల్లటి దడికి వాడే వినైల్ స్తంభం. అయిదంగుళాల చదరం, లోపల డొల్ల, బరువు లేదు, తుప్పు పట్టదు. పైకప్పులా ఉండే మూతలు విడిగా అమ్ముతారు. పైపు కొస చెవులతో సహా అందులోకి జారిపోయింది. ఆయన ముఖం విచ్చుకుంది. ట్రైలర్ల మీద తిరిగే అమెరికన్లు ఈ ఉపాయాన్ని చాలాకాలంగా వాడుతున్నారని దుకాణంలో కుర్రాడు చెబితే, "మరి కంపెనీవాళ్ళు ఎందుకు పెట్టరు?" అని కోడలి చేత ఇంగ్లీషులో అడిగించారు. కుర్రాడి దగ్గర జవాబు లేదు.

పార్కింగ్ చివర, ట్రక్కు వెనక తలుపు దించి దాన్నే బల్ల చేసుకున్నారు. పది అడుగుల పైపు ముడిస్తే మూడడుగుల చిల్లర అవుతుంది, అలాంటివి రెండు ఒకదాని వెనక ఒకటి పట్టాలి. ఆ లెక్కన స్తంభాన్ని హాక్సా బ్లేడుతో కోశారు. కోసిన అంచును ఉప్పుకాగితంతో రుద్దారు, పైపు గీసుకోకుండా. అడుగు వైపు బారుగా బెజ్జాలు పెట్టి, లోపలి నుంచి దోమతెర ముక్క అంటించారు. నీళ్ళు దిగాలి, గాలి ఆడాలి, కందిరీగలు దూరకూడదు. ఒక మూతను స్క్రూలతో శాశ్వతంగా బిగించారు. రెండో మూతకు అడ్డంగా పిన్ను దూర్చి, ఆ పిన్ను పోకుండా సన్నటి గొలుసు కట్టారు.

బిగించేటప్పుడు కొడుకు డ్రిల్లు తీసుకుని ఛాసిస్ దగ్గరికి వంగాడు. పెద్దాయన చెయ్యి పట్టుకుని ఆపారు. "ఛాసిస్ మెయిన్ మెంబరుకు బెజ్జం పెట్టకూడదు నాన్నా. పట్టీ వేసి పట్టించు." ఇరుసు వెనక, స్టెప్నీకి తగలకుండా, నేలకు మరీ దగ్గర కాకుండా, యు-బోల్టులతో బిగించి ప్రతి నట్టు మీదా చెక్ నట్టు వేశారు. స్తంభాన్ని తీసే మూతున్న వైపు కాస్త పల్లంగా పెట్టారు, మిగిలిన నీళ్ళు ఒక మూలకు చేరేలా. పిడికిలితో రెండు దెబ్బలు కొట్టి చూసుకున్నారు. కదల్లేదు.

అమరిల్లో పడమట విల్డొరాడో దగ్గర ఐ-40 హైవే పక్కనే పశువుల దొడ్లు. కసాయికి వెళ్ళే ముందు బలిపించడానికి ఉంచిన పశువులు, కనుచూపు మేర కంచెల మధ్య. వాసన అద్దాలు మూసినా వచ్చింది. పెద్దావిడ ముక్కుకు కొంగడ్డం పెట్టుకుని, ఇన్ని పశువుల పేడ ఎక్కడికి పోతుందని అడిగారు. ఆ ప్రశ్న ఆ ప్రయాణంలో అప్పటికే అందరి నోటా ఏదో ఒక రూపంలో వస్తూనే ఉంది.

న్యూ మెక్సికోలో అడుగు పెట్టాక మొదటి పెద్ద ఊరు టుకుంకారి. పాత 66వ నంబరు రోడ్డు ఊరి మధ్య నుంచి పోతుంది, 1939 నాటి బ్లూ స్వాలో మోటెల్ నియాన్ పక్షి ఇప్పటికీ వెలుగుతూ ఉంది. బండి వెనక ఇల్లు కట్టుకుని ఊళ్ళు తిరిగే అలవాటు అమెరికన్లకు ఆ రోడ్డు కంటే ముందే పట్టింది. టిన్ క్యాన్ టూరిస్టులని పేరు పెట్టుకున్న సంఘం ఫ్లోరిడాలోని టాంపాలో 1919లోనే పుట్టింది. ఆ రోజుల్లో బళ్ళలో టాయిలెట్ లేదు, పైపు దాచుకునే చింతా లేదు. సుఖం పెరిగేకొద్దీ దాని కింద ట్యాంకు, ట్యాంకు కింద వాల్వు, వాల్వుకు పైపు, పైపుకు పెట్టె వచ్చి చేరాయి.

టుకుంకారిలో దిగిన క్యాంపులో ప్రతి స్థలానికీ మురుగు రంధ్రం ఉంది. అలాంటిచోట కొత్తవాళ్ళు పైపు తగిలించి రెండు వాల్వులూ తెరిచి వదిలేస్తారు. బ్లాక్ వాల్వు అలా తెరిచి ఉంచితే నీళ్ళు ముందే జారిపోయి గట్టిది అడుగున మిగిలి, గుట్టలా పేరుకుని ఎండిపోతుంది. ట్యాంకు మూడింట రెండు వంతులైనా నిండేదాకా మూసే ఉంచి, ఒక్కసారిగా వదలాలి. పైపు నేల మీద పాములా వంకర్లు తిరక్కుండా, ట్రైలర్ నుంచి రంధ్రం దాకా వాలుండేలా కింద మడత స్టాండు పరుస్తారు. ఇవి రాసిపెట్టిన నిబంధనల్లాంటివే. రాయని మర్యాదలు ఇంకొన్ని ఉన్నాయి. పక్కవాళ్ళు బయట బల్ల వేసుకుని భోంచేస్తున్నప్పుడు వాల్వు లాగరు. కుళాయికి మురుగు పైపు తగలనివ్వరు, తగిలితే చెప్పకుండా ఉండరు. కొత్తవాళ్ళు తడబడుతుంటే ఎవరో ఒకరు కాఫీ కప్పుతో నడుచుకుంటూ వస్తారు, అడిగితేనే చెబుతారు.

శాంటా ఫేలో ట్రైలర్‌ను ఊరి బయట క్యాంపులో వదిలి ట్రక్కులో వెళ్ళారు. 1610లో స్పానిష్ వాళ్ళు కట్టిన ఊరు, సముద్రమట్టానికి 7,000 అడుగుల ఎత్తు. గుండ్రటి మూలలున్న మట్టిరంగు గోడలు, చదును కప్పులు, బయటికి పొడుచుకొచ్చిన దూలాల కొసలు. అనంతపురం పల్లెల్లో మట్టి మిద్దెలు చూసినవాళ్ళకు ఆ ఊరు కొత్తగా అనిపించదు. గవర్నర్ల పాత భవనం వసారాలో ప్యూబ్లో ఇండియన్లు దుప్పట్లు పరిచి, వెండి నగలూ నల్లటి కుండలూ అమ్ముతారు. రమ్మని పిలవరు. వంగి చూస్తే తలూపుతారు, అడిగితే ఎవరు చేశారో చెబుతారు. బేరం ఆడబోయిన పెద్దావిడ, చేసినామె వేళ్ళ కొసల మీది కోతలు చూసి ఆగిపోయి, అడిగిన డబ్బిచ్చి చిన్న కుండ కొనుక్కున్నారు.

అది మిరపకాయల కాలం. అంగడి ముందు ఇనుప జల్లెడ డ్రమ్ము, కింద గ్యాసు మంటలు. పచ్చి మిరపకాయలు బస్తాలకు బస్తాలు అందులో పోసి తిప్పుతుంటే తొక్క బుడగలెత్తి నల్లబడి రాలిపోతుంది. ఆ ఘాటు వీధి చివరదాకా వస్తుంది. హోటల్లో ఏం తీసుకున్నా, ఎర్రదా పచ్చదా అని అడుగుతారు. న్యూ మెక్సికో రాష్ట్రానికి ఆ ప్రశ్నే అధికారిక ప్రశ్న, చట్టసభ చేసిన నిర్ణయం అది. గుంటూరు ఆవిడకు అంతకంటే మర్యాద ఏముంటుంది? ఆమె పచ్చది తీసుకుని, కారం చాలదు గానీ కమ్మదనం ఉందని తీర్పిచ్చారు. కాల్చిన కాయలు ఒక సంచెడు కొని, ఆ రాత్రి ట్రైలర్లో వేరుశనగలూ చింతపండూ ఉప్పూ వేసి పచ్చడి నూరారు. రోలు లేదు, గిన్నెలో గ్లాసు అడుగుతోనే. పక్క ట్రైలర్ వాళ్ళకు ఒక కప్పు పంపితే, వాళ్ళు కప్పు కడిగి అందులో తేనె పోసి తిరిగిచ్చారు. ఖాళీ గిన్నె ఇవ్వకూడదన్న పద్ధతి వాళ్ళకూ ఉన్నట్టుంది.

అరిజోనాలోకి వచ్చాక పెట్రిఫైడ్ ఫారెస్ట్. 20 కోట్ల సంవత్సరాలకు పైబడిన మానులు, రాయిగా మారి, నరికి పేర్చినట్టు ఎడారిలో పడున్నాయి. ముట్టుకుంటే చలువరాయి, చూస్తే బెరడు. అక్కణ్ణుంచి ముక్క తేవడం నేరం. అయినా పట్టుకెళ్ళినవాళ్ళు ఏళ్ళ తర్వాత క్షమాపణ ఉత్తరం రాసి ముక్కను పోస్టులో తిప్పి పంపుతుంటారు. అలా వచ్చిన రాళ్ళను ఎక్కడివో తెలీదు కాబట్టి తిరిగి వాటి చోట్లలో పెట్టలేక పార్కువాళ్ళు ఒక రోడ్డు పక్కన కుప్ప పోశారు. తీసుకున్నదాన్ని అదే చోట తిరిగి పెట్టడం అన్నిసార్లూ వీలుపడదు.

హోల్‌బ్రుక్ క్యాంపులో కాన్సస్ నుంచి వచ్చిన గోధుమ రైతు దంపతులు పెద్దాయన స్తంభాన్ని చూసి దగ్గరికొచ్చారు. వాళ్ళ బంపరు మూత ఆ ముందురోజు ఐ-40 మీద ఎక్కడో ఊడిపోయింది. గాలికీ కుదుపుకూ ప్లాస్టిక్ మూత జారడం మామూలే. ఆ వెనకే పైపు కొంచెం కొంచెంగా బయటికొచ్చి రోడ్డు మీద పడిపోయింది. వెనక వచ్చే మోటారు సైకిలు వాడి కింద పడి ఉంటే ఏమయ్యేదని ఆ రైతు భార్య కంగారు పడుతూనే ఉన్నారు. పైపు ఖరీదు గురించి ఒక్క మాటా అనలేదు. పెద్దాయన తన పెట్టెలోంచి మిగిలిన గొలుసు ముక్క, పిన్ను తీసి వాళ్ళకిచ్చారు. భాష రాకపోయినా ఇద్దరు ముసలాళ్ళూ బంపరు కింద పడుకుని అరగంట పనిచేశారు.

గ్రాండ్ కాన్యన్ దక్షిణపు అంచుకు మధ్యాహ్నం చేరారు. 277 మైళ్ళ పొడవు, మైలు లోతు అన్న అంకెలు తెలిసే వచ్చారు. అంచున నిలబడ్డాక అంకెలు అక్కరకు రాలేదు. ఎర్ర పొరల మీద మబ్బు నీడ ఒక వైపు నుంచి కదిలి ఇటు వచ్చేసరికి చాలాసేపు పట్టింది. పెద్దావిడ చెప్పులు విప్పి, రాతి మీద కూర్చుని, రెండు చేతులూ జోడించారు.

ఇంత పెద్ద నది కోసిన లోయ అంచున తాగునీళ్ళు లేవు. కొలరాడో నది మైలు కిందుంది. దక్షిణపు అంచుకు వచ్చే ప్రతి చుక్కా ఎదుటి గట్టు కిందున్న రోరింగ్ స్ప్రింగ్స్ ఊటల నుంచి, 1960ల్లో వేసిన గొట్టంలో లోయ దాటి వస్తుంది. పాతబడిన ఆ గొట్టం తరచూ పగులుతుంది. 2024 ఆగస్టు చివర ఒకేసారి కొన్నిచోట్ల పగిలితే, లేబర్ డే సెలవుల ముందు పార్కులోని హోటళ్ళలో రాత్రి బస ఆపేయాల్సి వచ్చింది. నీళ్ళు ఇంత కష్టం కాబట్టే ఇక్కడ 1926లోనే మురుగును శుద్ధిచేసి, ఆ నీటిని వేరే గొట్టాల్లో టాయిలెట్లకూ మొక్కలకూ తిప్పి పంపే ఏర్పాటు చేశారు. అమెరికాలో అలాంటి జంట గొట్టాల పద్ధతికి ఇదే ఆరంభమని చెబుతారు. మంచినీటికో దారి, మురుగుకో దారి, వాడిన నీటికి మళ్ళీ ఒక ఉపయోగం. లోయ అడుగున రబ్బరు పడవల్లో వెళ్ళేవాళ్ళకు నిబంధన ఇంకా కఠినం. ఎన్ని రోజులు నది మీదున్నా సరే తమ మలాన్ని మూత బిగిసే డబ్బాల్లో వెంట మోసుకెళ్ళి బయట అప్పగించాలి, ఇసుకలో పూడ్చడానికి వీల్లేదు. అది విన్నాక ట్రైలర్ కింద పైపు పని పెద్ద కష్టంగా అనిపించలేదు వాళ్ళకు.

వాళ్ళు దిగిన ట్రైలర్ విలేజ్‌లో మురుగు రంధ్రాలున్నాయి. పైన్ చెట్ల మధ్య ఎల్క్ దుప్పులు బళ్ళ పక్కనుంచే నడిచి వెళ్తాయి. ఆ కాలంలో మగదుప్పి రాత్రిళ్ళు ఈల వేసినట్టు కూస్తుంది. సీసాలు నింపుకునే కుళాయిల మీటను మూతితో ఎత్తి నీళ్ళు తాగడం దుప్పులు నేర్చుకున్నాయని, దాంతో పార్కువాళ్ళు కుళాయిలే మార్చాల్సి వచ్చిందని రేంజరు చెప్పింది. చలి సున్నా దగ్గరికి దిగిన రాత్రి తర్వాత పొద్దున్నే కోడలు తొడుగులు వేసుకుని పైపు బయటికి లాగింది. స్తంభంలో తడి లేదు, వాసన లేదు. బ్లాక్, తర్వాత గ్రే, తర్వాత కడగడం, ఎత్తి వంచడం, మూతలు. ఫ్రిస్కోలో బయల్దేరినప్పుడు ఈ పని భర్తదే అనుకున్నారు. దారిలో ఎప్పుడో పంచుకున్నారు. పెద్దావిడ కూడా ఒకసారి తొడుగులు అడిగి వేసుకున్నారు. "నేనూ వాడుతున్నాగా" అన్నారు, వద్దన్న కొడుకుతో.

తిరుగు ప్రయాణంలో ఒక డంప్ స్టేషన్ దగ్గర ముందు బండి కదల్లేదు. కొత్త ట్రైలర్, కుర్ర జంట, చేతిలో తడి పైపు, దాన్ని చుట్టడానికి చెత్త సంచి. పెద్దాయన ట్రక్కు దిగి వెళ్ళి వాళ్ళను వెంటబెట్టుకొచ్చి స్తంభం చూపించారు. మూత తీశారు, పిన్ను చూపించారు, అడుగున బెజ్జాలు తడిమించారు. కుర్రాడు ఫోనులో ఫొటోలు తీసుకుంటుంటే పెద్దాయన టేపు లాగి వెడల్పు మీద పెట్టి, "ఫైవ్. నాట్ ఫోర్" అని రెండుసార్లు చెప్పారు. వెనక వరసలోని ఆసామి కూడా దిగొచ్చి తొంగి చూశాడు. ఇది ఏ దుకాణంలో దొరుకుతుందని ఆ అమ్మాయి అడిగింది. పెద్ద హార్డ్‌వేర్ షాపు ఏదైనా సరే, ప్లంబింగ్ వైపు వెళ్ళి టైము పాడుచేసుకోకండి, కంచె సామాను ఎక్కడుందో అడగండి, మూతలు విడిగా కొనాలి, మర్చిపోకండి అని కోడలు చెప్పింది.